మన అక్షాంశానికి ఏ టెలిస్కోప్?

పిల్లల పుట్టినరోజులకు కొనే టెలిస్కోప్ డబ్బాల మీద తరచుగా కనిపించే అంకె 525. "525 రెట్లు పెద్దదిగా చూపుతుంది" అని పెద్ద అక్షరాల్లో రాసి, పక్కన రంగురంగుల శనిగ్రహం బొమ్మ వేస్తారు. ఆ అంకె ఎలా వచ్చిందో లెక్క కట్టడం సులువు. లోపలి అద్దం నాభ్యంతరం, అంటే అద్దం నుంచి అది వెలుగును ఒకచోట చేర్చే బిందువు దాకా ఉన్న దూరం, 700 మిల్లీమీటర్లు. కన్ను ఆనించి చూసే చిన్న కటకాన్ని ఐపీసు అంటారు. డబ్బాలో ఇచ్చే ఐపీసుల్లో అన్నిటికంటే చిన్నది 4 మిల్లీమీటర్లది. 700ను 4తో భాగిస్తే 175. దానికి తోడు బొమ్మను మరో మూడు రెట్లు పెంచే బార్లో కటకం ఒకటి ఇస్తారు. 175ను మూడుతో హెచ్చిస్తే 525 వస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు. తప్పంతా డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఇంకో అంకెను ఎవరూ చూడకపోవడంలో ఉంది. ఆ అద్దం వ్యాసం 76 మిల్లీమీటర్లే.

అద్దం ఎంత వెలుగు పట్టిందో అంతే మన చేతికి వస్తుంది. దాన్ని ఎంత పెద్ద బొమ్మగా పరిస్తే అంత పలచబడుతుంది, గరిటెడు పిండిని పెనమంతా తిప్పితే అట్టు పలచబడినట్లు. 76 మిల్లీమీటర్ల అద్దంతో 525 రెట్లు పెంచినప్పుడు ఐపీసు నుంచి కంట్లోకి వచ్చే వెలుగు కట్ట మందం 0.14 మిల్లీమీటరు, వెంట్రుక కంటే కొంచెం లావు. అందులో శనిగ్రహం బదులు ఒక మసక ముద్ద, దాని మీదుగా మన కంట్లోనే తేలాడే నలకల నీడలు కనిపిస్తాయి. అనుభవజ్ఞులు పాటించే సూత్రం ఒకటుంది: వ్యాసంలో ఒక్కో మిల్లీమీటరుకు రెండు రెట్లు, అంతకు మించి పెంచితే దండగ. 76 మిల్లీమీటర్ల అద్దానికి 152 రెట్లే హద్దు. అది కూడా గాలి నిలకడగా ఉన్న మంచి రాత్రుల్లో. మామూలు రాత్రుల్లో వందతో సరిపెట్టుకోవడం మేలు.

కాబట్టి దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న "ఎన్ని రెట్లు?" అన్నది కాదు, "వ్యాసం ఎంత?" అన్నది. చీకట్లో బాగా విప్పారిన కంటిపాప వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల కటకం దానికి పది రెట్లు వెడల్పు, అందువల్ల వంద రెట్లు ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది. 130 మిల్లీమీటర్ల అద్దమైతే దాదాపు 345 రెట్లు. వెలుగుతో పాటు సూక్ష్మత కూడా వ్యాసాన్ని బట్టే పెరుగుతుంది. ఆకాశంలో ఎడాన్ని ఆర్క్ సెకన్లలో కొలుస్తారు, ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. 70 మిల్లీమీటర్ల కటకం 1.7 ఆర్క్ సెకన్ల ఎడంలో ఉన్న రెండు చుక్కలను విడదీయగలిగితే, 130 మిల్లీమీటర్ల అద్దం 0.9 ఆర్క్ సెకను దాకా వెళ్లగలదు.

ఎక్కువ రెట్లు కావాలన్న ఆరాటం వెనుక ఒక భ్రమ ఉంది. గురుగ్రహం భూమికి దగ్గరగా వచ్చినప్పుడు దాని వెడల్పు ఆకాశంలో సుమారు 45 ఆర్క్ సెకన్లు, అంటే చందమామ వెడల్పులో నలభయ్యో వంతు. ఆ లెక్కన 40 రెట్లు పెంచితే చాలు, మామూలు కంటికి చందమామ ఎంత ఉంటుందో గురుడూ అంతే కనిపించాలి. నిజంగానే అంతే కనిపిస్తాడు. అయినా మొదటిసారి చూసినవారు "ఇంతేనా, చిన్న బఠాణీ గింజంత ఉంది" అంటారు. చుట్టూ నల్లటి చీకటి, పోల్చుకోవడానికి చెట్టు కొమ్మో గోపురమో ఏదీ లేకపోవడంతో మనసు దాన్ని చిన్నదిగా జమకడుతుంది. చంద్రుడు కూడా ఆకాశంలో ఉన్న రాత్రి ఒక కన్ను ఐపీసు దగ్గర ఉంచి, రెండో కంటితో నేరుగా చంద్రుణ్ణి చూస్తే రెండు బొమ్మలూ పక్కపక్కన వచ్చి నిలుస్తాయి. ఆ ఒక్క ప్రయోగంతో ఇంకా పెద్దది కావాలన్న ఆరాటం చాలామందిలో చల్లబడుతుంది. ఆ తర్వాతే కన్ను చూపులోకి దిగుతుంది: గురుడి మీద రెండు గోధుమ రంగు పట్టీలు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్లున్న ఆకారం, పక్కన వరుసలో నాలుగు చుక్కలు.

వ్యాసం తర్వాత చూడవలసింది స్టాండు. కొనేవారు గొట్టాన్నే చూస్తారు, స్టాండును ఎవరూ పట్టించుకోరు. కానీ నూరు రెట్లు పెంచిన బొమ్మలో వణుకు కూడా నూరు రెట్లు పెరుగుతుంది. గొట్టం మీద వేలితో చిన్నగా తట్టి చూడాలి. రెండు మూడు సెకన్లలో బొమ్మ కుదుటపడితే స్టాండు మంచిదే. అయిదారు సెకన్ల పాటు ఊగుతూ ఉంటే, ఫోకస్ తిప్పడానికి చెయ్యి వేసిన ప్రతిసారీ అదే తంతు. పెద్ద కటకం, సన్నని అల్యూమినియం కాళ్ల స్టాండు కంటే చిన్న కటకం, గట్టి స్టాండు ఎన్నో రెట్లు మేలు. ఈ మాటలో ఏ సందేహమూ అక్కర్లేదు.

ఇంతవరకు చెప్పినది ప్రపంచంలో ఎక్కడైనా వర్తిస్తుంది. ఇక్కడి నుంచి దారి వేరవుతుంది. టెలిస్కోపుల గురించి దొరికే సలహాల్లో అధిక భాగం 40 నుంచి 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాల్లో, యూరప్‌లోనో అమెరికాలోనో కూర్చుని రాసినవి. న్యూజెర్సీలోనో లండన్‌లోనో ఉంటున్న తెలుగువారికి అవి చక్కగా పనికొస్తాయి. హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల మీద, తిరుపతి పదమూడున్నర మీద, శ్రీకాకుళం 18 మీద. ఈ తేడా వల్ల ఆకాశమే మారిపోతుంది, ఏ పరికరం కొనాలన్నదీ మారిపోతుంది.

ఉదాహరణకు ఈక్వటోరియల్ స్టాండునే తీసుకోండి. నక్షత్రాలు తూర్పు నుంచి పడమటికి కదులుతుంటే ఒకే మర తిప్పుతూ వాటి వెంట పోగలగడం దాని గొప్ప. అందుకోసం దాని ఒక ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూస్తూ ఉండాలి, దాని వాలు ఆ ఊరి అక్షాంశంతో సమానంగా ఉండాలి. 50 డిగ్రీల వాలులో అది ఠీవిగా నిలబడుతుంది. 17 డిగ్రీలకు వంచబోతే చిన్న స్టాండ్లలో చాలావాటికి గొట్టం బరువుకు సరితూకంగా ఉండే ఇనుప కడ్డీ వెళ్లి ట్రైపాడ్ కాలికి తగులుతుంది, లేదా వాలు సరిచేసే మర అంత కిందికి దిగదు. పైగా 17 డిగ్రీల ఎత్తున ధ్రువ నక్షత్రం నగరంలో ఎవరికి కనిపిస్తుంది? ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనుకో, అపార్ట్‌మెంటు మూడో అంతస్తు వెనుకో ఉండిపోతుంది. గంటల తరబడి ఫొటోలు తీసేవారికి ఆ స్టాండు అవసరం. కంటితో చూసి ఆనందించేవారికి మన అక్షాంశంలో అది బరువు, ఖర్చు, చిరాకు.

పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగే మామూలు స్టాండు చాలు. అందులో అత్యుత్తమమైనది డాబ్సోనియన్. ఆ పేరు గల మనిషి జాన్ డాబ్సన్‌కు భారతీయ సంప్రదాయంతో గట్టి సంబంధం ఉంది. 1944లో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీ మఠంలో చేరి, రామకృష్ణ సంప్రదాయంలో సన్యాసిగా ఇరవై ఏళ్లకు పైగా గడిపాడు. మఠంలో చేతిలో డబ్బు ఉండదు కనుక ఓడ కిటికీలకు వాడే దళసరి గాజును అరగదీసి అద్దాలు చేశాడు, అట్ట గొట్టాల్లో బిగించాడు, చెక్క పెట్టెలో నిలబెట్టాడు. టెలిస్కోపుల పిచ్చి ముదిరి మఠం పనులకు దూరమవుతున్నాడని 1967లో ఆయనను బయటికి పంపారు. ఆ మరుసటి ఏడాదే కాలిబాటల మీద టెలిస్కోప్ పెట్టి దారిన పోయేవారందరికీ ఆకాశం చూపే బృందం మొదలైంది. ప్లైవుడ్ పెట్టె, అందులో జారడానికి టెఫ్లాన్ ముక్కలు, ఇంతే ఆ స్టాండు రహస్యం. వేలితో నెట్టితే మెత్తగా కదులుతుంది, వదిలితే అక్కడే ఆగుతుంది. గొట్టం, అద్దం ఉంటే మన ఊళ్లో ఏ వడ్రంగి అయినా అలాంటి పెట్టెను చేసిపెట్టగలడు.

మన అక్షాంశం ఇచ్చే పెద్ద వరం గ్రహాల ఎత్తు. సూర్యుడు నడిచే దారిలోనే గ్రహాలూ నడుస్తాయి. ఆ దారి తెలుగు నేల మీద నడినెత్తిన పోతుంది. గ్రహం దక్షిణానికి ఎంత జారినా హైదరాబాద్‌లో అది నడిమింటికి చేరినప్పుడు దాదాపు 47 డిగ్రీల ఎత్తుకు తగ్గదు. అదే గ్రహం లండన్‌లో 13 డిగ్రీల ఎత్తున, పొగమంచు పొరల్లో కొట్టుకుంటూ ఉంటుంది. ఎత్తు పెరిగిన కొద్దీ మధ్యలో గాలి మందం తగ్గుతుంది, బొమ్మ నిలుస్తుంది. 2026 ఆరంభంలో గురుడు మిథున రాశిలో ఉన్నప్పుడు హైదరాబాద్ ఆకాశంలో నడినెత్తికి అయిదు డిగ్రీల చేరువలో నుంచి దాటాడు. యూరప్‌లో పెద్ద టెలిస్కోప్ ఉన్నవారికి కూడా దొరకని వసతి ఇది.

అయితే ఈ వరానికే ఒక చిక్కు ఉంది. పొడవాటి కటకపు గొట్టాన్ని మూడు కాళ్ల స్టాండు మీద నడినెత్తికి తిప్పితే దాని తోక ట్రైపాడ్ కాళ్లకు తగులుతుంది. ఐపీసు కిందికి దిగిపోయి, చూసేవారు గొంతుకు కూర్చోవలసి వస్తుంది. అద్దంతో పనిచేసే న్యూటన్ పద్ధతి టెలిస్కోప్‌లో ఐపీసు గొట్టం పై కొసన పక్కవాటుగా ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. డాబ్సోనియన్‌ను సరిగ్గా నడినెత్తికి పెట్టినప్పుడు మాత్రం కుడిఎడమలకు తిప్పడం ఇబ్బందిగానే ఉంటుంది. దానికి మందు ఓపిక. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, ఒక గంట ఆగితే గ్రహమే అనువైన చోటికి వస్తుంది.

ఇవన్నీ కలిపి చూస్తే, ఒక ఇంటికి ఒకే టెలిస్కోప్ అనుకుంటే, 114 లేదా 130 మిల్లీమీటర్ల అద్దం గల, బల్ల మీద పెట్టుకునే చిన్న డాబ్సోనియన్ మన నేలకు సరిగ్గా సరిపోతుంది. దాన్ని ఒక చేత్తో డాబా మీదికి మోసుకుపోవచ్చు. ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టకూడదు, ఊగుతుంది. గట్టి ఇనుప స్టూలు మీద పెట్టాలి. వెడల్పైన పిట్టగోడ ఉంటే ఇంకా మంచిది, ఒక చెయ్యి దాని మీద ఉంచాలి. 130 మిల్లీమీటర్ల అద్దానికి నాభ్యంతరం 650 అయితే ఆ అద్దం పరావలయాకారంలో చెక్కినదై ఉండాలి, గోళాకారపు అద్దమైతే చుక్కలు చుక్కల్లా నిలవవు. ఈ ఒక్క మాట కొనే ముందు అడిగి తెలుసుకోవాలి. ఇంకో ఉచ్చు ఏమిటంటే, గొట్టం పొడవు అరమీటరే ఉండి నాభ్యంతరం 1000 అని రాసి ఉండే రకం. అందులో ఐపీసు కింద ఒక కటకాన్ని దాచి నాభ్యంతరాన్ని సాగదీస్తారు. ఆ చవక కటకం బొమ్మను చెడగొడుతుంది, అద్దాలను వరుసలో సరిచేసుకోవడమూ కష్టమవుతుంది. దాన్ని వదిలేయడమే మంచిది.

నిర్వహణ ఏమీ వద్దు, తీసి చూసి లోపల పెట్టేయాలి అనుకునేవారికి 70 మిల్లీమీటర్ల వ్యాసం, 700 నాభ్యంతరం గల కటక టెలిస్కోప్ నమ్మకస్తమైన నేస్తం. 25 మిల్లీమీటర్ల ఐపీసుతో 28 రెట్లు, 10 మిల్లీమీటర్ల దానితో 70 రెట్లు వస్తాయి. ఈ రెండూ చాలు. బాల్కనీ తప్ప చోటు లేని అపార్ట్‌మెంటు వారికి 90 మిల్లీమీటర్ల మక్సుతోవ్ రకం పనికొస్తుంది. పొట్టిగా, చెంబులా ఉంటుంది, చంద్రుణ్ణీ గ్రహాలనూ అద్భుతంగా చూపుతుంది, విశాలమైన నక్షత్ర గుంపులను మాత్రం ఒక చూపులో పట్టలేదు. ఐపీసుల మీద హెచ్, ఎస్‌ఆర్ అన్న గుర్తులుంటే అవి పాతకాలపు చవక రకాలు, వాటిని పక్కన పెట్టి ప్లాసెల్ రకం ఒక్కటి కొంటే అదే టెలిస్కోప్ కొత్తదానిలా మారిపోతుంది.

అసలు ఏమీ కొనని వారు ముందు 10×50 (పది రెట్లు పెంచే, 50 మిల్లీమీటర్ల కటకాల) బైనాక్యులర్ కొనుక్కుంటే తప్పేమీ లేదు. ఆరు నెలల తర్వాత ఆకాశం మీద ఆసక్తి పోయినా అది తీర్థయాత్రల్లో గోపుర శిల్పాలు చూడటానికి పనికొస్తుంది, ఆసక్తి పెరిగితే టెలిస్కోప్ పక్కన ఎప్పటికీ ఉంటుంది. 2023 తర్వాత మార్కెట్లోకి వచ్చిన తెలివైన టెలిస్కోపులు ఇంకో తోవ. సుమారు 50 మిల్లీమీటర్ల కటకం వెనుక కెమెరా పెట్టి, వందల బొమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చి ఫోను తెర మీద నీహారికను రంగుల్లో చూపుతాయి. వెలుగుల నగరం నడుమ కూడా పనిచేస్తాయి. అయితే అది ఫొటో చూడటం. వెయ్యేళ్ల కింద బయలుదేరిన వెలుగు నేరుగా కంటిపాపలో వచ్చి పడటం వేరే అనుభవం.

కొన్న తర్వాత మొదటి శత్రువు మన డాబాయే. పగలంతా 42 డిగ్రీల ఎండ తిన్న కాంక్రీటు రాత్రి పదకొండు దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ వేడి గాలి కటకం ముందు నుంచి పైకి లేస్తుంటే గురుడు నీటి అడుగున ఉన్న రూపాయి బిళ్లలా అల్లాడుతాడు. చాలామంది టెలిస్కోప్ బాగాలేదనుకుని అటక మీద పడేస్తారు, తప్పు కాంక్రీటుది. వేసవిలో పడుకోబోయే ముందు డాబా మీద నీళ్లు చల్లే పాత అలవాటు ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. పెరడు, మట్టి నేల, గడ్డి ఉంటే డాబా ఊసే వద్దు. పక్కింటి ఏసీ బయటి పెట్టె మీదుగా చూడకూడదు. గదిలో ఉన్న టెలిస్కోప్‌ను అరగంట ముందే బయట పెడితే అద్దం బయటి చల్లదనానికి అలవాటు పడుతుంది. ఆ అరగంటా ఫోను చూడకుండా చీకట్లో కూర్చుంటే కళ్లు కూడా సిద్ధమవుతాయి.

రెండో శత్రువు వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల వల్ల చూడటానికి వీలుండదు. ఆ నాలుగు నెలలూ మూతలు బిగించి డబ్బాలో పెట్టిన టెలిస్కోప్ కటకం మీద సాలెగూడులాంటి బూజు పడుతుంది. అది ఒకసారి గాజు పూతను తిన్నదంటే పోదు. డబ్బాలోని స్పాంజి చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి అందులోంచి తీసి, గాలి తగిలే బీరువాలో సిలికా జెల్ సంచులతో పెట్టాలి. సంచుల్లోని గింజలు నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే చెమ్మ నిండిందని గుర్తు, వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలి అద్దం మీది అల్యూమినియం పూతకు ఇంకా చేటు. జనవరి తెల్లవారుజామున డెల్టా ఊళ్లలో మంచు పట్టిన కటకాన్ని గుడ్డతో తుడవకూడదు. లోపలికి తెచ్చి, మూత తీసి, దానంతట అది ఆరేదాకా వదిలేయాలి. మూత పెట్టేస్తే ఆ చెమ్మంతా లోపలే ఉండిపోతుంది. దుమ్ము కాస్త పడినా బొమ్మకు నష్టం లేదు, మాటిమాటికీ తుడిస్తేనే నష్టం.

ఎప్పుడు ఏమి చూడాలన్నదానికి తెలుగు ఇళ్లలో గోడకు వేలాడే క్యాలెండరు కంటే మంచి మార్గదర్శి అక్కర్లేదు. అందులో తిథి ఉంటుంది. చంద్రుణ్ణి చూడటానికి పౌర్ణమి మంచి రోజు అనుకుంటారు, కానీ పౌర్ణమి నాడు ఎండ నేరుగా పడి నీడలు మాయమై, చంద్రుడు సున్నం కొట్టిన పళ్లెంలా ఉంటాడు. శుక్ల చవితి నుంచి దశమి వరకు అసలైన రోజులు. వెలుగూ చీకటీ కలిసే సరిహద్దు వెంట నీడలు సాగి, కొండలూ బిలాలూ చేత్తో తడమగలిగినంత లోతుగా కనిపిస్తాయి. అష్టమి నాడు అపెనైన్ పర్వతాల వరుస చీకటి అంచున విల్లులా వంగి ఉంటుంది. నవమి దశముల మధ్య 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం మీద పొద్దు పొడుస్తుంది. ముందు అంచు మాత్రమే వెలిగి లోపల నల్లటి సిరా నిండినట్లుంటుంది. గంట గంటకూ ఆ సిరా తరుగుతుంది, నడుమ ఉన్న శిఖరాల కొనలు మొదట సూదిమొనల్లా మెరుస్తాయి. రెండు గంటలు చూస్తే మరో ప్రపంచంలో తెల్లవారడం కళ్లారా చూసినట్లే. దక్షిణాన 230 కిలోమీటర్ల క్లావియస్ బిలంలో వంపుగా పరుచుకున్న చిన్న బిలాలను లెక్కపెట్టడం టెలిస్కోప్‌కూ కంటికీ మంచి పరీక్ష.

గురుడి చంద్రులను ఒక నోటు పుస్తకంలో బొమ్మ గీసుకుంటూ చూడాలి. గెలీలియో 1610 జనవరిలో చూసింది ఇవే, ఆయన పరికరం 20 రెట్లు పెంచేది. ఈనాటి 70 మిల్లీమీటర్ల చవక కటకం దాని కంటే ఎంతో మెరుగు. అన్నిటికంటే లోపల తిరిగే అయో 42 గంటల్లో ఒక చుట్టు చుడుతుంది కాబట్టి గురుడి అంచు దగ్గర ఉన్నప్పుడు అరగంటలోనే కదలిక తెలిసిపోతుంది. శని వలయాలు 2025 మార్చిలో అంచు మనవైపు తిప్పి దాదాపు అదృశ్యమయ్యాయి. ఇక ఏడాదికేడాది విచ్చుకుంటాయి, 2032 నాటికి నిండుగా తెరుచుకుంటాయి. ఇప్పుడు చూడటం మొదలుపెట్టినవారికి ఆ విచ్చుకోవడాన్ని మొదటి నుంచీ గమనించే భాగ్యం ఉంది.

సూర్యుడి గురించి ఒకే మాట, గట్టిగా. కొన్ని డబ్బాల్లో ఐపీసుకు మర తిప్పి బిగించే నల్లటి చిన్న గాజు ఇస్తారు. దాన్ని వెంటనే పగలగొట్టి పారేయాలి. కటకం పోగుచేసిన ఎండ వేడికి అది ఏ క్షణంలోనైనా చిట్లి కన్ను శాశ్వతంగా పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పే సోలార్ ఫిల్టరే వాడాలి. గురి చూసుకోవడానికి పక్కన ఉండే చిన్న గొట్టాన్ని, ఫైండర్‌ను, తీసేయాలి, పిల్లలను ఒంటరిగా వదలకూడదు.

చంద్రుడు లేని అమావాస్య చుట్టూ ఉన్న రాత్రులు నక్షత్రాలవి. ఇక్కడ తెలుగువారికి ఇంకో వెసులుబాటు ఉంది, ఇరవయ్యేడు నక్షత్రాల పేర్లు ఇంటింటికీ తెలుసు. జాతకంలో మాత్రమే తెలిసిన ఆ పేర్లను ఆకాశంలో చూపించడం చిన్న టెలిస్కోప్‌కు చాలా ఇష్టమైన పని. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు కంటికి ఆరు చుక్కలు, తక్కువ రెట్ల ఐపీసులో పదుల కొద్దీ నీలి రవ్వలు. పునర్వసులోని కాస్టర్ 70 రెట్ల దగ్గర రెండు తెల్లటి ముత్యాలుగా విడిపోతుంది. పుష్యమి దాపున మసకగా ఉండే మరకలో గెలీలియో నలభై దాకా చుక్కలు లెక్కించాడు. మృగశిర, ఆరుద్రల పక్కన వరుసగా ఉండే మూడు నక్షత్రాలకు కాస్త దక్షిణంగా ఓరియన్ నీహారిక ఉంది. 1,300 పైచిలుకు కాంతి సంవత్సరాల దూరంలో, నక్షత్రాలు పుడుతున్న చోటు. దాన్ని నేరుగా గుచ్చి చూడకూడదు. చూపును కాస్త పక్కకు పెడితే బూడిద రంగు రెక్కలు విచ్చుకుంటాయి, నడుమ నాలుగు చిన్న చుక్కలు మెరుస్తాయి. కంటి అంచున ఉండే కణాలకు మసక వెలుగు బాగా తెలుస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. ఇలాంటి వాటికి నగరం వదిలి వెళ్లాలి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి, హార్సిలీ కొండలు, నల్లమల అంచున ఉన్న ఊళ్లు బాగుంటాయి. చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలకు మాత్రం నగరపు డాబా సరిపోతుంది.

చిన్న టెలిస్కోప్ అన్న మాటను చిన్నచూపుతో అనేవారు విశాఖపట్నం చరిత్ర తెలుసుకోవాలి. గోడే వెంకట జగ్గారావు 1840లో అక్కడ సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఆరు అంగుళాల కటకంతో గమనించాడు. ఆరు అంగుళాలంటే సుమారు 150 మిల్లీమీటర్లు. ఈనాడు ఒక మధ్యతరగతి కుటుంబం కొనగలిగిన అద్దానికి అది పెద్దన్న వరస, అంతే.

ఇక్కడి అక్షాంశం విలువ తెలియాలంటే మే రెండో వారంలో, అమావాస్యకు దగ్గరగా, రాత్రి పది గంటలకు బయటికి రావాలి. ఆ సమయంలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఆకాశం నడుమ ఒక గీత గీస్తే దాని మీద మూడు గొప్ప వస్తువులు ఉంటాయి. ఉత్తరాన సగం ఎత్తులో సప్తర్షుల తోకలో వసిష్ఠుడు, పక్కనే అరుంధతి. పెళ్లిలో పురోహితుడు చూపించే జంట ఇదే. ఆ గడియలో కొత్త దంపతులు చూశామని తలూపుతారే గాని చాలామంది నిజంగా చూసి ఉండరు. 28 రెట్ల ఐపీసులో వారిద్దరూ దూరంగా జరిగి నిలుస్తారు, మధ్యలో ఇంకో మసక చుక్క వస్తుంది. ఇంకాస్త నిలకడగా చూస్తే వసిష్ఠుడే రెండుగా కనిపిస్తాడు, 14 ఆర్క్ సెకన్ల ఎడంతో. 1617లో కాస్తెల్లి గమనించి గెలీలియోకు చెప్పిన జంట ఇది, 1857లో మొదటిసారి ఫొటోకు చిక్కిన జంట నక్షత్రమూ ఇదే.

గీత వెంట నడినెత్తి దాటి దక్షిణానికి వస్తే తెల్లగా చిత్త. చైత్ర పౌర్ణమికి చంద్రుడు దగ్గరికి వచ్చి ఆ మాసానికి పేరిచ్చిన నక్షత్రం. చిత్త నుంచి సూటిగా కిందికి 36 డిగ్రీలు, చాచిన చేతి చివర పిడికిలి పది డిగ్రీలనుకుంటే మూడున్నర పిడికిళ్లు దిగితే అక్కడ కంటికి మసక చుక్కలా ఉండేది ఒమెగా సెంటారీ. లండన్‌లో అది ఎన్నడూ ఉదయించదు. న్యూయార్క్‌లో దిగంతాన్ని తాకి పోతుంది. హైదరాబాద్‌లో 25 డిగ్రీల ఎత్తున తీరుబడిగా నిలుస్తుంది. మన గెలాక్సీలోని గోళాకార గుచ్ఛాల్లో అతి పెద్దది, సుమారు కోటి నక్షత్రాల ముద్ద, 17,000 కాంతి సంవత్సరాల దూరంలో. బైనాక్యులర్‌లో పత్తి ఉండలా ఉంటుంది. 130 మిల్లీమీటర్ల అద్దంలో 60, 70 రెట్ల దగ్గర, చీకటి ఊళ్లో, ఆ పత్తి అంచుల నుంచి రవ్వరవ్వగా విడిపోవడం మొదలవుతుంది, నల్లటి నేల మీద బొంబాయి రవ్వ పోసినట్లు.

అక్కడే ఇంకో గంట కూర్చుంటే, దక్షిణాన చెట్లూ మేడలూ అడ్డం లేకపోతే, 12 డిగ్రీల ఎత్తున ఆల్ఫా సెంటారీ వచ్చి నిలుస్తుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబం. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో ఒక తోకచుక్కను చూస్తున్న ఫ్రెంచి పాదరీ జాఁ రిషో, చిన్న టెలిస్కోప్‌ను అటు తిప్పి అది ఒక నక్షత్రం కాదని, రెండని కనుగొన్నాడు. దిగంతపు గాలిలో అది బాగా మిలమిల్లాడుతుంది. 70 రెట్ల ఐపీసు పెట్టి ఫోకస్ ముట్టుకోకుండా కాసేపు ఆగాలి. గాలి ఒక్క క్షణం నిలిచినప్పుడు రెండు పసుపుపచ్చని చుక్కలు పక్కపక్కన, వాటి మధ్య సన్నని చీకటి గీత.